‘అసైన్‌మెంటే కదా’ అనుకుంటే...

శుక్రవారం మధ్యాహ్నం. మంగాఫ్‌లో ఒక ఫ్లాట్. సెలవు రోజు కాబట్టి హాలు నిండా బంధువులు, స్నేహితులు. వంటింట్లో బిర్యానీ దమ్ మీద ఉంది. ఇంటాయన రాజంపేట వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. చమురు కంపెనీ కాంట్రాక్టులో సూపర్‌వైజరు. పెద్దబ్బాయి ఇక్కడే ఒక ప్రైవేటు యూనివర్సిటీలో మొదటి ఏడాది చదువుతున్నాడు.

‘భోజనానికి రా నాన్నా’ అని తల్లి పిలిస్తే గదిలోంచి జవాబొచ్చింది. ‘అసైన్‌మెంట్ ఉందమ్మా. రేపు రాత్రికి పంపాలి.’

‘అసైన్‌మెంటే కదా! తిని రాసుకోవచ్చులే. మేం ఒక్క రాత్రిలో నాలుగు రాసినోళ్లం’ అన్నాడు తండ్రి. హాల్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. వాళ్లలో నేనూ ఉన్నాను.

నెల తర్వాత ఆయన ఫోన్ చేశాడు. ఆ అసైన్‌మెంటుకు వందకు 38 వచ్చాయట. మొత్తం సబ్జెక్టులో దాని వాటా 40 శాతం. అంటే నలభైలో చేతికొచ్చింది పదిహేను. పరీక్ష హాల్లో అడుగు పెట్టకముందే పాతిక మార్కులు దాదాపుగా పోయాయి. ‘ఏందన్నా ఇది? ఇంటర్ దాకా ఫస్టొచ్చిన పిల్లోడు. ఈ అసైన్‌మెంటుకు ఇంత విలువేంది?’ అని అడిగాడు.

ఆయన తప్పు లేదు. మనం చదివిన అసైన్‌మెంట్ వేరు, పిల్లలు రాస్తున్న అసైన్‌మెంట్ వేరు. పేరొక్కటే కావడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

ఐదు మార్కుల జ్ఞాపకం

మన కాలేజీల్లో అసైన్‌మెంట్ అంటే ఏమిటో ఒకసారి గుర్తు చేసుకోండి. సీనియర్ దగ్గర్నుంచి తెచ్చిన నోట్సు, పొడుగు తెల్లకాగితాలు, అంచున పెన్సిల్‌తో మార్జిన్, హాస్టల్లో ఒకరు రాస్తే వరసగా పది మంది దించుకోవడం. మాస్టారు చివరి పేజీలో సంతకం పెట్టేవారు. అంతే. ఇప్పుడు కూడా మన దగ్గర దాని బరువు పెద్దగా పెరగలేదు. హైదరాబాద్ జేఎన్‌టీయూ బీటెక్ ఆర్22 నిబంధనలే చూడండి. థియరీ సబ్జెక్టుకు వంద మార్కుల్లో 60 చివరి పరీక్షకు, 40 అంతర్గత మూల్యాంకనానికి. ఆ నలభైలో 30 మిడ్ పరీక్షది. అసైన్‌మెంటుకు ఉన్నవి ఐదే. ఐదు మార్కుల కోసం ఎవరు నెల రోజులు కష్టపడతారు?

కువైట్‌లో మన పిల్లల చదువు కూడా దీనికి పెద్దగా భిన్నం కాదు. సాల్మియాలో చదివినా, అబ్బాసియాలో చదివినా ఎక్కువ మంది సీబీఎస్ఈ పిల్లలే. పన్నెండో తరగతి దాకా ఏడాదంతా ట్యూషన్లు, మోడల్ పేపర్లు, చివర్లో బోర్డు పరీక్ష. మూడు గంటల్లో చకచకా రాసే విద్యలో వాళ్లను మించినవాళ్లు లేరు. ఇక నీట్ అయితే చెప్పనే అక్కర్లేదు. 2021లో ఆ పరీక్షకు దేశం బయట తొలిసారి కేంద్రం పెట్టినప్పుడు కువైట్‌లోనే పెట్టారు. పరీక్షల మీద మనకున్న శ్రద్ధ అంతటిది.

తర్వాత ఆ పిల్లలే మిష్రెఫ్‌లోని గస్ట్‌లోనో, అమెరికన్ యూనివర్సిటీల్లోనో చేరతారు. లేదా బ్రిటన్‌కో ఆస్ట్రేలియాకో విమానమెక్కుతారు. అక్కడ పరిస్థితి తలకిందులు. కొన్ని సబ్జెక్టులకు అసలు పరీక్షే ఉండదు, రెండు అసైన్‌మెంట్లతోనే సరి. ట్యూషన్ మాస్టారు ఉండరు. మోడల్ జవాబు ఉండదు. ప్రశ్న చేతికిచ్చి నాలుగు వారాల తర్వాత ఫలానా రోజు, ఫలానా గంటకు పంపమంటారు. ఆ నాలుగు వారాలు ఏం చెయ్యాలో అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

హైదరాబాద్ మీదుగా వచ్చిన పద్ధతి

ఈ పద్ధతి మనకు పూర్తిగా పరాయిదేం కాదు. బ్రిటన్‌లో 1969లో ఓపెన్ యూనివర్సిటీ పెట్టారు. విద్యార్థి ఇంట్లో ఉంటాడు, ఉద్యోగం చేసుకుంటాడు, మాస్టారు ఎదురుగా ఉండరు. మరి వాడికి అర్థమైందో లేదో ఎలా తెలుస్తుంది? అందుకు వాళ్లు నమ్ముకున్న సాధనం టీఎంఏ, అంటే ట్యూటర్ మార్కులేసే అసైన్‌మెంట్. మార్కులతో పాటు ఎక్కడ బాగుంది, ఎక్కడ తప్పింది అని ట్యూటర్ రాసి పంపుతాడు. ఒక విధంగా అది ఉత్తరాల ద్వారా పాఠం.

ఓపెన్ యూనివర్సిటీ అనే ఆలోచన మన దేశంలో మొదట అడుగు పెట్టింది హైదరాబాద్‌లో. 1982లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ పుట్టింది. ఇప్పటి డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. తొలి వైస్ చాన్సలర్ ప్రొఫెసర్ జి.రామ్‌రెడ్డి. కరీంనగర్ జిల్లా బిడ్డ. మూడేళ్ల తర్వాత, 1985లో ఢిల్లీలో ఇగ్నో పెట్టినప్పుడు దానికీ మొదటి వైస్ చాన్సలర్ ఆయనే. ఇగ్నోలో ఈ రోజుకూ టీఎంఏ అనే మాటే వాడతారు. ఇక 2002లో అరబ్ ఓపెన్ యూనివర్సిటీ మొదలైంది. దాని ప్రధాన కేంద్రం మన కువైట్‌లోనే ఉంది. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ భాగస్వామ్యంతో నడుస్తుంది. అక్కడి పిల్లలూ టీఎంఏలే రాస్తారు.

కువైట్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఇగ్నో డిగ్రీ చదివిన తెలుగువాళ్లు మనకు తెలిసినవాళ్లలోనే ఉన్నారు. నర్సులు, అకౌంటెంట్లు, ఇంటి దగ్గరుండే గృహిణులు. వాళ్లను అడిగితే అసైన్‌మెంట్ గురించి మనకంటే బాగా చెబుతారు. చాలా కోర్సుల్లో అసైన్‌మెంట్లకు 30 శాతం, చివరి పరీక్షకు 70 శాతం. స్వదస్తూరితో రాయాలి. పాత ఏడాది ప్రశ్నలకు జవాబులు రాసి పంపితే చెల్లవు, ఆ సెషన్‌కు ఇచ్చిన ప్రశ్నలే తీసుకోవాలి. నైట్ డ్యూటీ చేసే ఒక నర్సమ్మ రాసిన ప్రతి పేజీనీ ఫోన్‌లో ఫొటో తీసి దాచుకునేది. పంపినట్టు రసీదు కూడా. ‘పరీక్ష రాశాక అసైన్‌మెంట్ మార్కులు పడలేదని వస్తే ఎవరిని అడుగుతాం సార్, మన దగ్గర ఆధారం ఉండాలి’ అనేది. ఈ ఒక్క అలవాటు కుర్రాళ్లకు వస్తే సగం తలనొప్పులు తగ్గుతాయి.

గంటల లెక్క

పిల్లవాడు ‘టైమ్ ఉందిలే నాన్నా’ అన్నప్పుడు తల్లిదండ్రుల చేతిలో ఒక లెక్క ఉండాలి. బ్రిటన్ యూనివర్సిటీల్లో ఒక క్రెడిట్ అంటే పది గంటల చదువు. పదిహేను క్రెడిట్ల సబ్జెక్టుకు 150 గంటలు. అందులో క్లాసులు ముప్పై, నలభై గంటలకు మించవు. మిగిలిన నూటపది గంటలూ విద్యార్థి సొంతంగా చదవాలి, రాయాలి. అసైన్‌మెంట్ ఆ గంటల్లోంచే రావాలి. కువైట్‌లో ఎక్కువగా కనిపించే అమెరికా పద్ధతిలో మూడు క్రెడిట్ల కోర్సుకు వారానికి మూడు గంటల క్లాసు. క్లాసులో గంటకు ఇంట్లో రెండు గంటలు అన్నది అక్కడి లెక్క. అలాంటి కోర్సులు ఐదు తీసుకుంటే వారానికి 45 గంటలు. తండ్రి డ్యూటీ గంటలకు ఇది ఏమాత్రం తక్కువ కాదు. ‘రోజుకు రెండు క్లాసులే కదా, ఖాళీగా తిరుగుతున్నాడు’ అని మనం విసుక్కుంటాం గానీ, వాడికి మిగతా గంటలు కనిపించవు, మనకూ కనిపించవు. అదే అసలు ఇబ్బంది.

ప్రశ్నను విప్పడం

ఇప్పుడు మంగాఫ్ కుర్రాడి 38 మార్కుల దగ్గరికి వద్దాం. ఆ పేపరు నేను చూశాను. ఇంగ్లిష్ బాగుంది. తప్పులు లేవు. విషయం కూడా ఉంది. అడిగినదానికి మాత్రం జవాబు లేదు. మన పిల్లల్లో ఎక్కువ మంది పడిపోయేది ఈ చోటే కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుదాం.

కువైట్ ఉదాహరణే తీసుకుందాం. ‘తాగునీటి కోసం కువైట్ సముద్రపు నీటి శుద్ధి మీద ఆధారపడటాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి. 2,000 పదాలు’ అని ప్రశ్న ఇచ్చారనుకోండి. సీబీఎస్ఈలో తర్ఫీదైన మెదడు వెంటనే ఏం చేస్తుంది? తెలిసినదంతా వరసగా రాసేస్తుంది. కువైట్‌లో నదులు లేవు. పూర్వం షత్ అల్ అరబ్ నుంచి పడవల్లో నీళ్లు తెచ్చేవారు. 1953లో ప్రభుత్వ నీటి శుద్ధి కేంద్రం మొదలైంది. 1979లో కువైట్ టవర్స్ తెరిచారు, వాటి గోళాల్లో నీళ్లు నిల్వ చేస్తారు. ఇవన్నీ నిజాలే. మనమంతా సెలవు రోజున ఆ టవర్ల ముందు నిలబడి ఫొటోలు దిగినవాళ్లమే. అయితే ఇది వర్ణన. అడిగింది పరిశీలన.

ఆ ఒక్క మాటలోనే మార్కులన్నీ ఉన్నాయి. ఆధారపడటం వల్ల లాభమేంటి, నష్టమేంటి, దేని ఆధారంతో అలా అంటున్నావు, చివరికి నీ తీర్పేంటి అని అడుగుతున్నారు. అప్పుడు చెప్పాల్సినవి వేరు. సముద్రపు నీటిని మరిగించి ఆవిరి పట్టే పాత పద్ధతికి ఎంత ఇంధనం కావాలి? పొరల గుండా నీటిని నెట్టి ఉప్పును వేరు చేసే రివర్స్ ఆస్మోసిస్‌కు మారితే ఎంత ఆదా? మిగిలిన ఉప్పునీటిని మళ్లీ గల్ఫ్‌లోకే వదిలితే చేపలకు, తీరానికి ఏమవుతుంది? 1991 యుద్ధంలో సముద్రంలోకి వదిలిన చమురు ఈ తీరం వెంబడి ఉన్న శుద్ధి కేంద్రాలకే ముప్పు తెచ్చింది. ఒకే వనరు మీద బతికే దేశానికి అది ఏం చెబుతోంది? ఇలా నాలుగు ప్రశ్నలు పుట్టాయంటే అసైన్‌మెంటుకు అస్థిపంజరం దొరికినట్టే. షత్ అల్ అరబ్ పడవల కథ ఒక్క వాక్యంలో పట్టేస్తుంది.

ప్రశ్నతో పాటు చాలాచోట్ల మార్కుల పట్టిక కూడా ఇస్తారు. విశ్లేషణకు ఇన్ని, ఆధారాలకు ఇన్ని, నిర్మాణానికి ఇన్ని, రెఫరెన్సులకు ఇన్ని అని. పరీక్ష పేపరు ముందే లీకైతే ఎగబడి చూసే మనం, యూనివర్సిటీ స్వయంగా ఇచ్చే ఈ కాగితాన్ని తెరిచి కూడా చూడం. మన కుర్రాడు కూడా చూడలేదు. విశ్లేషణకే 40 ఉన్నాయి అందులో.

నాలుగు వారాలు ఎలా గడపాలి

ప్రశ్న చేతికొచ్చిన రోజే గంటసేపు దాంతో కూర్చోవాలి. రాయాల్సిన పని లేదు. ప్రశ్నలోని క్రియాపదాల కింద గీత గీసి, అర్థం కానిది ఏమిటో రాసుకుంటే చాలు. ఆ సందేహం మొదటి వారంలోనే ప్రొఫెసర్ దగ్గరకెళ్లి అడగాలి. ఇక్కడి యూనివర్సిటీల్లో ప్రొఫెసర్లు విద్యార్థుల కోసం వారంలో కొన్ని గంటలు కేటాయిస్తారు. మన పిల్లలు ఆ గది గుమ్మం తొక్కడానికి జంకుతారు. ‘మాస్టారి దగ్గరకెళ్తే ఏమీ తెలియదనుకుంటారు’ అన్న భయం మనం పెట్టిందే. గడువుకు ముందు రోజు అడిగితే ఆయనకు నిజంగానే చిరాకు. మొదటి వారంలో అడిగితే సంతోషం.

ఆ వారమే ఆధారాలు ఏరుకోవాలి. గూగుల్ స్కాలర్ ఉంది. యూనివర్సిటీ లైబ్రరీ లాగిన్‌తో తెరుచుకునే పత్రికలున్నాయి. మనం ఫీజు కట్టి కొన్నవే అవన్నీ. పైన చెప్పిన నీటి విషయానికైతే 1967 నుంచి పనిచేస్తున్న కువైట్ శాస్త్ర పరిశోధన సంస్థ పరిశోధనలే కావలసినన్ని దొరుకుతాయి. రెండు వేల పదాల వ్యాసానికి ఏడెనిమిది మంచి ఆధారాలు సరిపోతాయి. చదివేటప్పుడే రచయిత, సంవత్సరం, పేజీ రాసుకోవాలి. జొటెరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పని తానే చేసిపెడుతుంది. ‘ఆఖర్లో పెట్టుకోవచ్చులే’ అనుకున్నవాళ్లు గడువు రాత్రి రెండింటికి ‘ఈ వాక్యం ఎక్కడ చదివానబ్బా’ అని వెతుకుతుంటారు.

రెండో వారం చదువు, నోట్సు. వారం చివరికి ఒకే పేజీలో ప్రణాళిక. ఉపోద్ఘాతానికి 200 పదాలు, ముగింపుకు 200, మధ్యలో నాలుగు అంశాలకు తలా 400. ఇలా ముక్కలు చేస్తే రెండు వేల పదాల కొండ కాస్తా నాలుగు చిన్న గుట్టలవుతుంది. మూడో వారం రాయడం. మొదటి ప్రతి బాగుండాల్సిన అవసరమే లేదు. ఇంగ్లిష్ తట్టకపోతే ఆ చోట తెలుగులోనే ఒక ముక్క రాసి ముందుకెళ్లమని నేను పిల్లలకు చెబుతుంటాను. రెండు రోజులు పక్కన పెట్టి మళ్లీ చదివితే ఎక్కడ తేలిపోయిందో వాళ్లకే కనిపిస్తుంది. నాలుగో వారం దిద్దుబాటు, రెఫరెన్సులు, ఒకసారి బిగ్గరగా చదువుకోవడం. తర్వాత పంపడం. గడువుకు ఒక రోజు ముందు.

ఇంతవరకు ఎక్కడైనా చెప్పేదే. కువైట్ ఇళ్లకు మాత్రమే ఉండే చిక్కులు కొన్ని ఉన్నాయి.

మొదటిది గడియారం. బయటి దేశంలో అడ్మిషన్ తీసుకుని సెలవులకు ఇంటికొచ్చిన పిల్లలు, ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో చదివేవాళ్లు దీంతో దెబ్బతింటారు. లండన్‌లో రాత్రి 11.59 గడువంటే శీతాకాలంలో మనకు తెల్లవారుజాము 2.59, ఎండాకాలంలో 1.59. కాస్త వెసులుబాటే. మెల్‌బోర్న్ గడువు రాత్రి 11.59 అయితే మనకు అదే రోజు సాయంత్రం 4.59. అక్కడ వేసవిలో గడియారం ముందుకు జరిపినప్పుడు 3.59. ‘రాత్రి దాకా టైముంది’ అనుకుని సాయంత్రం ఐదింటికి కూర్చున్నవాడి పని అప్పటికే అయిపోయింది. కోర్సు మొదలైన రోజే గడువులన్నీ కువైట్ టైములోకి మార్చి రాసుకోవాలి.

రెండోది రంజాన్. ఆ నెల క్లాసుల వేళలు, ఆఫీసుల వేళలు కుదించుకుపోతాయి. రాత్రిళ్లు ఊరంతా మేలుకుంటుంది. లైబ్రరీ ఎప్పుడు తెరుస్తారు, ప్రొఫెసర్ ఎప్పుడు దొరుకుతారు అన్నది ముందే కనుక్కోకపోతే సందేహాలు పండగ సెలవుల తర్వాతకు వాయిదా పడతాయి. గడువు మాత్రం ఆగదు.

మూడోది మన శుక్ర, శనివారాలు. రెండు పడగ్గదుల ఫ్లాట్, అందులో సెలవు రోజంటే వచ్చేపోయే జనం. ఆ రెండు రోజులే పిల్లవాడికి ఎక్కువ గంటలు దొరికే రోజులు. బంధువులను రావద్దని ఎవరం అనలేం. కానీ శనివారం ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఆ గది తలుపు తట్టకూడదు అన్న చిన్న కట్టుబాటు పెట్టుకున్న ఇళ్లున్నాయి. కుదరనివాళ్లు పిల్లల్ని యూనివర్సిటీ లైబ్రరీకే పంపిస్తున్నారు.

నాలుగోది విమాన టికెట్లు. ఇది పూర్తిగా మన తప్పే. ఊళ్లో పెళ్లి, టికెట్ చవకగా దొరికింది, పిల్లవాడిని అడక్కుండా బుక్ చేసేస్తాం. చాలా బ్రిటన్ కోర్సుల్లో క్రిస్మస్ సెలవులు అయిపోగానే జనవరిలో గడువులుంటాయి. సంక్రాంతి కూడా అప్పుడే. తిరుపతి కొండ మీద క్యూలో నిలబడి ఫోన్‌లో వ్యాసం టైప్ చేసిన అమ్మాయి నాకు తెలుసు.

అనుకోనిది వచ్చినప్పుడు, జ్వరమో, ఇంట్లో చావో, గడువు పొడిగించమని అడగొచ్చు. చాలా యూనివర్సిటీల్లో దానికో ఫారం ఉంటుంది. గడువుకు ముందే పెట్టాలి, డాక్టరు కాగితం జతచేయాలి. మన పిల్లలకు ఈ సంగతి తెలియదు, తెలిసినా మొహమాటం. పొడిగింపు లేకుండా ఆలస్యమైతే రోజుకిన్ని అని మార్కులు కోస్తారు, కొన్నిచోట్ల సున్నాయే వేస్తారు. ఇఖామా గడువు దాటితే రోజు లెక్కన పడే జరిమానా మనకు తెలుసు కదా. సరిగ్గా అలాగే.

వాట్సాప్‌లో వచ్చే ‘సాయం’

ఇక చెప్పక తప్పని మాట. ‘అసైన్‌మెంట్ హెల్ప్, ఏ గ్రేడ్ గ్యారంటీ’ అంటూ పిల్లల ఫోన్లకు మెసేజ్‌లు వస్తుంటాయి. పేజీకి ఇంత అని రేటు. రాసేవాడు మన హైదరాబాద్‌లో ఉండొచ్చు, నైరోబీలో ఉండొచ్చు. హాస్టల్లో దించుకున్న మన తరానికి ఇది పెద్ద నేరంగా అనిపించకపోవచ్చు. కొందరు తల్లిదండ్రులు తెలిసే డబ్బిచ్చారు కూడా. చట్టాల తీరు మాత్రం మారిపోయింది. డబ్బు తీసుకుని అసైన్‌మెంట్లు రాసిపెట్టే వ్యాపారాన్ని ఆస్ట్రేలియా 2020లో చట్టం చేసి నిషేధించింది. చేసేవాళ్లకు రెండేళ్ల వరకు జైలు. ఇంగ్లండ్‌లో 2022 చట్టంతో అది నేరమైంది. ఆ శిక్షలు అమ్మేవాళ్లకే. కొన్న విద్యార్థి సంగతి యూనివర్సిటీ చూసుకుంటుంది. సబ్జెక్టు ఫెయిల్ చేయడం దగ్గర్నుంచి బయటకు పంపడం దాకా. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడిని యూనివర్సిటీ తీసేస్తే ఆ వీసా కూడా నిలవదు. పైగా అమ్మినవాడి దగ్గర పిల్లవాడి పేరు, యూనివర్సిటీ, చెల్లించిన ఆధారం ఉంటాయి. తర్వాత ‘మీ కాలేజీకి చెప్పేస్తాం’ అని బెదిరించి డబ్బు గుంజిన ఉదంతాలు పలు దేశాల్లో బయటపడ్డాయి.

టర్నిటిన్ గురించి కూడా అపోహలెక్కువ. అది ఇచ్చే శాతం పోలికల లెక్క మాత్రమే. రెఫరెన్సుల జాబితా, ప్రశ్న పాఠం కూడా అందులో కలుస్తాయి. ఇరవై శాతం చూపించినా తప్పు లేకపోవచ్చు, ఐదు శాతంలోనే ఒక పేరా మొత్తం ఎత్తిపోత ఉండొచ్చు. దాన్ని చూసి తీర్పు చెప్పేది మనిషే. 2023 ఏప్రిల్ నుంచి ఏఐ రాతను పసిగట్టే సాధనాన్ని కూడా ఆ సంస్థ తెచ్చింది. ఆ సాధనాలు పొరబడతాయి కూడా. సొంతంగా రాసినవాడు నిరూపించుకోవాలంటే ప్రణాళిక పేజీ, చదివిన నోట్సు, మొదటి ప్రతి, రెండో ప్రతి దాచి ఉండాలి. నర్సమ్మ ఫొటోల సంగతి మళ్లీ ఇక్కడికే వచ్చింది. చాట్‌జీపీటీని దేనికి వాడొచ్చు, దేనికి కూడదు అన్నది యూనివర్సిటీకి ఒక తీరుగా, ఒక్కోసారి సబ్జెక్టుకు ఒక తీరుగా ఉంది. అడిగి, వీలైతే ఈమెయిల్‌లో జవాబు తీసుకోవడం మంచిది.

ఊళ్లో చదివే పిల్లల సంగతి

కువైట్ తెలుగువాళ్లంటే ఫ్లాట్లలో ఉండే కుటుంబాలే కాదు. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి వచ్చి అరబ్బుల ఇళ్లలో పనిచేస్తున్న తల్లులు వేలల్లో ఉన్నారు. వాళ్ల పిల్లలు అక్కడ అమ్మమ్మ దగ్గరో హాస్టల్లోనో ఉండి చదువుతున్నారు. రాత్రి పనయ్యాక పది నిమిషాల వీడియో కాల్. ‘తిన్నావా, ఫీజు కట్టావా, బాగా చదువుతున్నావా’ అని అడిగి పెట్టేస్తారు. ఆ పిల్లలకు అసైన్‌మెంట్ ఐదు మార్కులదే కావచ్చు. కానీ ఆఖరి ఏడాది ప్రాజెక్టు రిపోర్టు ఉంటుంది. దాన్ని అమీర్‌పేటలో కొనుక్కోవచ్చని స్నేహితులు చెబుతారు. ఆ డబ్బు ఇక్కడి దీనార్లలోంచే వెళ్లాలి.

రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒకమ్మ ఏడో తరగతితో చదువు ఆపేసింది. కూతురు బీటెక్ నాలుగో ఏడాది. ‘ప్రాజెక్టుకు పదిహేను వేలు కావాలంటా ఉంది సార్, ఇమ్మంటారా?’ అని ఒక శుక్రవారం అడిగింది. డబ్బు సంగతి తర్వాత, ముందు ఒక ప్రశ్న అడగమన్నాను. ‘దాంట్లో నువ్వేం చేస్తున్నావో నాకు అర్థమయ్యేట్టు చెప్పు బంగారూ’ అని. రెండు వారాల పాటు కూతురు ఏదో చెప్పి తప్పించుకుంది. మూడో వారం చెప్పడం మొదలుపెట్టింది. చెబుతుంటే తనకే ఎక్కడ తెలియదో తెలిసొచ్చిందట. కొనడం మానేసి, ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి సొంతంగా చేసుకుంది. గొప్ప ప్రాజెక్టేం కాదు. ఇంటర్వ్యూలో దాని మీద అడిగిన ప్రశ్నలకు మాత్రం తడుముకోకుండా చెప్పిందని ఆ తల్లి సంబరంగా చెప్పింది.

మంగాఫ్ కుర్రాడు రెండో సెమిస్టరులో ఉన్నాడు. మొన్న వాళ్లింటికెళ్తే ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం కనిపించింది. పైన తండ్రి దస్తూరిలో నలుగురి ఇఖామా తేదీలు, కారు ఇన్సూరెన్స్, పాస్‌పోర్టు గడువు. కింద కుర్రాడి దస్తూరిలో ఐదు అసైన్‌మెంట్ల తేదీలు. ఒక్కోదాని పక్కన మూడు గడులు: ప్రశ్న చదివాను, ప్రణాళిక వేశాను, మొదటి ప్రతి రాశాను. రెండింటికి మూడు గడుల్లోనూ టిక్కులున్నాయి. మూడోదానికి ఒకటే ఉంది.

‘దానికి ఇంకా పన్నెండు రోజులుంది అంకుల్’ అన్నాడు, నేను అటు చూడటం గమనించి.

‘పన్నెండు కాదురా, పదకొండు’ అన్నాడు వాళ్ల నాన్న వంటింట్లోంచి.